ఎదురింటి నీళ్ళు

నా హ్యాండ్‌బ్యాగులో ఎప్పుడూ లీటరు నీళ్ళ సీసా ఒకటి ఉండేది. జగ్గయ్యపేట నుంచి నందిగామకు రోజూ బస్సులో వెళ్ళి వచ్చే కాలేజీ లెక్చరర్ దగ్గర నీళ్ళ సీసా ఉండటం వింతేమీ కాదు. కానీ కమిటీ పని మీద ఏ ఊరికైనా వెళ్ళినప్పుడు ఆ సీసా దాహానికి కాదు, నియమానికి. వెళ్ళిన ఊళ్ళో ఎవరింట్లోనూ పచ్చి మంచినీళ్ళు ముట్టకూడదు. అది మా పెద్దాయన పెట్టిన నియమం.

మానవ హక్కుల కమిటీ అనగానే ఆఫీసూ బోర్డూ ఊహించుకోకండి. మేం నలుగురం. నందిగామలో రిటైరైన హెడ్మాస్టరు గారు ఒకరు, ఆయన్నే పెద్దాయన అంటున్నాను. తీరిక దొరికినప్పుడు వచ్చే ప్లీడర్లు ఇద్దరు. తర్వాత నేను. ఎక్కడైనా మనిషిని కొట్టారనో, ఎత్తుకెళ్ళారనో, ఊళ్ళోంచి తరిమేశారనో తెలిస్తే వెళ్ళి, అందరినీ అడిగి, విన్నది విన్నట్టు రాసి పైవాళ్ళకు పంపడం మా పని. ఒక ఎలక్షన్ల తర్వాత ఈ పార్టీవాళ్ళు తన్నులు తింటే వీళ్ళ కోసం వెళ్ళాం, ఇంకో ఎలక్షన్ల తర్వాత ఆ పార్టీవాళ్ళు తింటే వాళ్ళ కోసం వెళ్ళాం. దాంతో ఇద్దరూ మమ్మల్ని అవతలివాళ్ళ మనుషులనే అన్నారు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఒకసారి ఒక ఊళ్ళో ఎండకు తాళలేక పెద్దాయన ఎవరింట్లోనో గ్లాసుడు మజ్జిగ తాగారట. ఆయన రాసిన రిపోర్టు ఆ మజ్జిగలోనే కొట్టుకుపోయింది. “వాళ్ళ మజ్జిగ తాగి వాళ్ళకే రాశాడు” అన్నారు. సీసా అప్పటి నుంచే.

మా ఆయనకు పేటలో బట్టల కొట్టు. ఎలక్షన్లొస్తే రెండు పార్టీల కండువాలూ పక్కపక్క అరల్లో పెట్టి అమ్ముతారు. “నేనూ ఇద్దరికీ సమానమే, నువ్వూ ఇద్దరికీ సమానమే. నాకు ఇద్దరూ నమస్కారం పెడతారు, నిన్ను ఇద్దరూ తిడతారు. ఎక్కడో తేడా కొడతోంది, చూసుకో” అని ఎగతాళి చేసేవారు. నేనూ నవ్వేదాన్ని. 

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పేయాలి, లేకపోతే తర్వాత చెప్పేది అబద్ధమవుతుంది. ఆ నియమం నాకు హాయిగా ఉండేది. నేను కోమటింటి కోడల్ని. ఎవరి చేతి నీళ్ళు తాగాలో, ఎవరివి తాగకూడదో మా అత్తగారి దగ్గర పెద్ద జాబితానే ఉండేది. అవన్నీ నేను నమ్మను. అంటరానితనం నేరమని చెప్పే పాఠం వచ్చినప్పుడు క్లాసులో గొంతు పెంచి మరీ చెప్తాను. అయినా ఏ కాలనీలోనో ఎవరైనా గ్లాసు తెచ్చి ఇవ్వబోతే, “మా నియమం ఒప్పుకోదమ్మా” అంటూ సీసా మూత తీయడంలో లోపలెక్కడో ఒక సుఖం ఉండేది. అది ఏం సుఖమో నన్ను నేను ఎప్పుడూ అడగలేదు.

పోయిన ఎలక్షన్ల ఫలితాలొచ్చిన వారంలోనే, ఒక పొద్దున, తెలియని నంబరు నుంచి ఫోన్. 

“మేడం, నేను మీ పాత స్టూడెంటునండి. సెకండ్ బెంచీలో కూర్చునేదాన్ని.” గుర్తొచ్చింది. చందర్లపాడు దారిలో ఒక ఊరికి కోడలై వెళ్ళింది. “మా ఆయన్ని నిన్న పొద్దున పదింటికి తీసుకెళ్ళారు మేడం. పోలీసులమన్నారు, యూనిఫాం లేదు. ఎక్కడ అడిగినా మా దగ్గర లేడంటున్నారు. మీరు క్లాసులో చెప్పారు కదా మేడం, ఇరవై నాలుగ్గంటల్లో జడ్జి ముందుకు తీసుకెళ్ళాలని. ఇరవై నాలుగూ అయిపోయినయ్ మేడం.”

ఇరవై ఏళ్ళుగా ఆ ముక్క చెప్తున్నాను. ముఖ్యమైన ప్రశ్న, కింద గీత గీసుకోండి అని కూడా చెప్తాను. దాన్ని గుర్తు పెట్టుకుని, గడియారం ముందు కూర్చుని, ఒక్కో గంటా లెక్కపెట్టే మనిషి ఉంటుందని ఏనాడూ అనుకోలేదు. కాలేజీకి సెలవు పెట్టి పెద్దాయనకు ఫోన్ చేశాను.

మధ్యాహ్నం పన్నెండుకు ఊళ్ళో దిగాం. రోహిణి కార్తె ఎండ. సీసాలో నీళ్ళు ఆటోలోనే అయిపోయాయి. కాలనీలో ఆ వీధి చూస్తే ఎన్నికలు ఎలా జరిగాయో అడగక్కర్లేదు. ఎడమవైపు ఇళ్ళ మీద గెలిచిన పార్టీ జెండాలు రెపరెపలాడుతున్నాయి, కుడివైపు ఇళ్ళ మీద జెండాలు పీకేసిన ఉత్త కర్రలు. రెండువైపులవాళ్ళదీ ఒకటే కులం, ఒకటే చర్చి, ఒకటే కుళాయి. మమ్మల్ని చూడగానే కుడివైపు తలుపులు ఓరగా తెరుచుకున్నాయి, ఎడమవైపువి మూసుకున్నాయి.

ఆ అమ్మాయి మొగుడు సిమెంటు లారీ డ్రైవరు. గెలిచినవాళ్ళ ఊరేగింపు మీద రాళ్ళు పడ్డాయట, వేసింది ఇతనేనట. వేశాడో లేదో నాకు తెలియదు. తెలుసుకోవడం మా పని కూడా కాదు. వేస్తే కేసు పెట్టి కోర్టుకు తీసుకెళ్ళాలి. మనిషిని మాయం చేయకూడదు. మాకు తెలియాల్సింది ఒక్కటే, అతన్ని తీసుకెళ్ళడం ఎవరు చూశారు? చూసినవాళ్ళు ఒక్కరైనా చెప్పకపోతే “వాడు పరారీలో ఉన్నాడు” అంటారు. అలా అంటున్నంతకాలం లోపల అతన్ని ఏం చేసినా అడిగే దిక్కుండదు. పెళ్ళాం మాట సాక్ష్యం కింద ఎవరూ లెక్క చేయరు. ఆ వరసలో మిగతావాళ్ళంతా ఆ పొద్దున పత్తి చేలల్లో దుక్కికి పోయారు.

“ఎదురింటి పెద్దమ్మ చూసింది మేడం,” అంది ఆ అమ్మాయి గొంతు తగ్గించి. “డాబా మీద వడియాలు పెడతా ఉంది. కారు, మనుషులు, అంతా చూసింది. కానీ వాళ్ళది గెలిచిన పార్టీ. చెప్పదండి.” 

అలా చెబుతూనే లోపలికి వెళ్ళి స్టీలు గ్లాసుతో నీళ్ళు తెచ్చింది. నా నోరు పిడచకట్టుకుపోయి ఉంది. అయినా అలవాటు కొద్దీ “వద్దమ్మా, మా నియమం...” అన్నాను. ఆ అమ్మాయి గ్లాసు కిటికీలో పెట్టి, తడి చెయ్యి చీరకు తుడుచుకుంది. మొగుడు బతికున్నాడో లేదో తెలియని పిల్ల, నా పాఠం నమ్మి నన్ను పిలిచిన పిల్ల, నేను నీళ్ళు వద్దన్నందుకు సిగ్గుపడి తల దించుకుంది. నాకు నా మీదే ఒళ్ళు మండింది. లేచి వెళ్ళి కిటికీలో గ్లాసు తీసుకుని గటగటా తాగేశాను. గుమ్మంలో నిలబడ్డ పెద్దాయన చూశారు. ఎదురింటి వైపు తల తిప్పారు. ఎదురింటి అరుగు మీద ఆ ముసలమ్మ నిలబడి ఉంది. ఆమె కూడా చూసింది.

వీధి దాటి వెళ్ళాం. “పెద్దమ్మా, నిన్న పొద్దున...” అని పెద్దాయన మొదలుపెట్టారు. ఆమె ఆయన్ని చూడలేదు, నన్నే చూసింది.

“ముందటి ఎలచ్చన్లప్పుడు మీరు మా ఇంటికొచ్చారు, గుర్తుందా?” 

ఆమె గానీ ఆ ఇల్లు గానీ నాకు గుర్తు లేదు. ఐదేళ్ళ కిందట అవతలి పార్టీ గెలిచినప్పుడు ఈ ఊరొచ్చిన మాట నిజమే. కమిటీ పని మీద నేను వెళ్ళిన మొదటి ఊరు అదే.

“ఈ అరుగు మీదే కూకున్నారు. మావోడు తొమ్మిది రోజులు కనపళ్ళేదు అప్పుడు. నేను ఏడస్తా ఉంటే కాయితం రాసుకున్నారు. నీళ్ళిస్తే ఒద్దని, బ్యాగులోంచి సీసా తీసి నా కళ్ళ ముందే తాగారు. పెద్దకులమోళ్ళు, మా ఇంట్లో తాగరులే అని ఊరుకున్నా. ఇయాళ ఎదురింట్లో తాగారుగా? ఆళ్ళూ మేమూ ఒకటేగా? అయితే కులం కాదన్నమాట. పార్టీయా అమ్మా?”

తలుపు వేసేసుకుంది. గడియ పడ్డ చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. తిరిగి వస్తుంటే ఆటోలో పెద్దాయన నన్ను ఒక్క మాట కూడా తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది.

ఆ సాయంత్రం కొట్లో మా ఆయనకు ఫోన్ వచ్చింది. స్పీకరు పెట్టి మళ్ళీ వినిపించడానికి రికార్డింగేమీ లేదు, ఆయన ఇంటికొచ్చి మాట మాటా అప్పజెప్పారు. ఎవడో పేరు చెప్పకుండా, చాలా మర్యాదగా మాట్లాడాడట. “నమస్తే సార్. మేడం గారు మా ఊరొచ్చి ఆ ఇంట్లో నీళ్ళు తాగారంట. ఎండలు గట్టిగున్నయ్ సార్. ఊరికో రకం నీళ్ళు, అందరికీ పడవు. కాస్త జాగర్త చెప్పండి. కొట్టు బాగా నడుస్తందా సార్?” 

మా ఆయన ముఖంలో ఎగతాళి లేదు. “నువ్వింక వెళ్ళకు,” అన్నారు. అరవలేదు, బతిమాలినట్టే అన్నారు. పాతికేళ్ళలో ఆయన నన్ను బతిమాలడం అదే మొదలు. సరేనన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను. భయం అంటే ఏమిటో అంతవరకు నాకు పుస్తకాల్లోనే తెలుసు.

పొద్దున్నే పెద్దాయన ఫోన్ చేశారు. ఒక ప్లీడరుతో కలిసి హైకోర్టులో పిటిషన్ వేయించడానికి బయల్దేరుతున్నారట. “చూసినవాళ్ళ స్టేట్‌మెంటు ఒక్కటి ఉంటే గట్టిగా ఉంటుందమ్మా. లేకపోతే లేదు, ఏం చేస్తాం,” అన్నారు. నన్ను వెళ్ళమనలేదు. నిన్నటి గ్లాసు సంగతి ఎత్తలేదు. ఎత్తకపోయినా అది మా ఇద్దరి మధ్యా ఉంది. నేను ఆ గ్లాసు తాగకపోతే ఆ ముసలమ్మ చెప్పేదేమో. ఐదేళ్ళ కిందట తాగి ఉంటే తప్పకుండా చెప్పేది.

కాలేజీకని చెప్పి బయల్దేరాను. మా ఆయనతో అబద్ధం ఆడాను. బ్యాగులోంచి సీసా తీసి వంటింటి గట్టు మీద పెట్టేశాను.

నందిగామలో ఆటో ఎక్కిన కాసేపటికి వెనక ఒక మోటారుబండి కనిపించింది. ఇద్దరున్నారు. ఆటో నెమ్మదిస్తే నెమ్మదించింది. చివరికి దాటి ముందుకెళ్ళి, వెనక కూర్చున్నవాడు తిరిగి లోపలికి చూశాడు. నేను తల వంచి బ్యాగులో ఏదో వెతుకుతున్నట్టు నటించాను. వాళ్ళు మామూలుగా పనుల మీద పోయేవాళ్ళే కావచ్చు. అయినా దిగి వెనక్కి వెళ్ళిపోదామని రెండుసార్లు డ్రైవరు భుజం దాకా చెయ్యి వెళ్ళింది. దిగితే ఆ ఎండలో రోడ్డు మీద ఒక్కదాన్నే ఉండాలి. దానికీ భయమేసి దిగలేదు. నిజం చెప్పాలంటే నేను ఆ ఊరికి ధైర్యంతో చేరలేదు.

ముసలమ్మ అరుగు మీద వడియాలు ఒలుస్తూ ఉంది. వీధిలో రెండువైపులా కళ్ళు. ఆమె ముందుకు వెళ్ళి నిలబడ్డాను.

“పెద్దమ్మా, కాసిని మంచినీళ్ళిస్తారా?”

ఆమె వడియాలు ఒలుస్తూనే ఉంది. బట్ట మీద వరస మొత్తం అయిపోయేదాకా తలెత్తలేదు. నేను ఎండలో అలాగే నిలబడ్డాను. అప్పుడు లేచి లోపలికి వెళ్ళి, చెంబుతో తెచ్చింది. బోరు నీళ్ళు, ఉప్పగా ఉన్నాయి. ఊరికో రకం నీళ్ళన్న ఫోన్ మాట గుర్తొచ్చి ఒక్క క్షణం గుటక పడలేదు. చెంబు ఖాళీ అయ్యేదాకా తాగాను.

“అప్పుడు చేసింది తప్పు పెద్దమ్మా,” అన్నాను.

“నియమం అన్నారుగా.”

“నియమమే. దాని చాటున నేను దాక్కున్నాను.”

ఆమె నన్ను తేరిపార చూసింది. “కూకో,” అంది. కాసేపటికి తనే మొదలుపెట్టింది. 

“అప్పుడు మావోణ్ణి తీసుకెళ్ళింది పట్టపగలు, పదకొండింటికి. ఎదురింటి కోడలు కిటికీలోంచి చూసింది. ఆ పిల్ల చూస్తా ఉండటం నేను చూసా. తరవాత పోయి అడిగితే, నిద్రపోతన్నా పెద్దమ్మా, నాకు తెలవదు అంది.” ఎదురింటి కిటికీ వైపు గడ్డం ఎత్తి చూపించింది. నిన్న నా గ్లాసు ఉన్న కిటికీ అదే. నా రెండో బెంచీ పిల్ల. పాఠం గుర్తుపెట్టుకున్న పిల్ల.

“నేను నిద్దరపోలేదు,” అంది ముసలమ్మ. “నేను చూసా. చూసానని రాసుకో అమ్మా.”

కాగితం తీశాను. తెల్లకారు, వెనక నంబరు ప్లేటుకు బురద పూసి ఉంది. నలుగురు మనుషులు. పిల్లాణ్ణి చొక్కా పట్టుకుని ఈడ్చారు, చెప్పులు ఇక్కడే పడిపోయాయి. ఆమె చెప్తుంటే నేను రాస్తున్నాను. మధ్యలో ఆగి, అదే గొంతుతో అంది.

“ఇల్లు చూపిచ్చింది మావోడే. అదీ రాయి.”

నా కలం ఆగిపోయింది. “అది వద్దులే పెద్దమ్మా,” అన్నాను.

“చూసింది చూసినట్టు రాస్తారంటగా? రాయి.”

రాశాను. రాసి తలెత్తేసరికి గుమ్మంలో ఆమె కొడుకు ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో తెలియదు. ముప్ఫై అయిదేళ్ళు ఉంటాయేమో, మెడలో కండువా, ఎడమకాలు కొంచెం వంకరగా ఆనించి నిలబడ్డాడు. 

“చదవండి,” అన్నాడు.

చదివాను. ఇన్నేళ్ళు క్లాసుల్లో అరిచిన గొంతు ఆ రోజు పిల్లి కూతలా వచ్చింది. ఇల్లు చూపించిన వాక్యం దగ్గర దాటేద్దామనుకున్నాను. ముసలమ్మ నా వైపే చూస్తోంది. అదీ చదివాను. వీధిలో ఎవరో బకెట్టు కింద పెట్టిన చప్పుడు వినిపించింది. అతను నా చేతిలో కాగితం వైపు చూశాడు.

“అప్పుడు నా కాయితంలో సాక్షి ఉన్నాడాండి?”

“లేడు,” అన్నాను.

అతను తల్లి వైపు చూశాడు. ఆమె వడియాల గుడ్డ దులుపుతోంది. “ఏలిముద్ర ఏయించుకోండి,” అన్నాడు చివరికి. వేసింది. నేను పట్టుకున్న ఇంకుప్యాడులో అద్దిన వేలు కాగితం మీద గట్టిగా నొక్కి పెట్టింది.

కాగితం బ్యాగులో పెట్టుకుని లేచాను. “ఈ టైములో ఆటోలుండవు, బండెక్కండి,” అన్నాడు. వద్దంటే భయపడ్డానని తెలుస్తుంది, ఎక్కితే ఏమవుతుందో తెలియదు. ఎక్కాను. ఊరు దాటగానే రోడ్డు వదిలి కాలవగట్టు మీదికి తిప్పాడు. మనిషి పురుగు లేదు. రెండువైపులా దున్నిన పొలాలు. బ్యాగు రెండు చేతులతో పొట్టకు అదుముకుని కూర్చున్నాను. మా ఆయనతో ఆడిన అబద్ధం గుర్తొచ్చింది. నేను ఎక్కడున్నానో ఈ లోకంలో ఎవరికీ తెలియదు. ఒకచోట బండి ఆపాడు. వంగి ఎడమకాలు పిక్క రెండు చేతులతో నొక్కుకున్నాడు. “గేరేస్తే లాగుద్దండి,” అని, మళ్ళీ పోనిచ్చాడు. గట్టు దిగితే మెయిన్ రోడ్డు, ఎదురుగా బస్టాపు. దగ్గరదారే.

ఆ కాగితం ఆ సాయంత్రమే పెద్దాయనకు చేరింది. మర్నాడు పొద్దున అది పిటిషన్‌తో పాటు హైకోర్టులో పడింది. పొద్దుగూకేలోపు ఆ లారీ డ్రైవర్ని వేరే ఊళ్ళో ఒక మేజిస్ట్రేటు ముందు నిలబెట్టారు. నడవలేకపోతున్నాడు, కానీ ఉన్నాడు. నాకు ఫోన్ చేసి ఆ అమ్మాయి ఏడ్చింది. కిటికీ సంగతి నేను అడగలేదు. తనే, “పెద్దమ్మ దగ్గరికి ఏ ముఖంతో వెళ్ళాలి మేడం?” అంది. నాకూ తెలియదన్నాను. మా ఆయన నాతో వారం రోజులు మాట్లాడలేదు. ఇప్పటికీ తెలియని నంబరు కనిపిస్తే నా నోరు ఎండిపోతుంది.

ఆ మధ్యాహ్నం బస్టాపులో దిగి దండం పెట్టి వెళ్ళిపోబోతుంటే అతను బండి ఆపు చేశాడు. నా ముఖం చూడకుండా హ్యాండిలు వైపు చూస్తూ అడిగాడు.

“మళ్ళీ ఎలక్షన్లు ఎట్టాగూ వస్తయ్యండి. ఈసారి మేం ఓడిపోతే ఆళ్ళు నన్ను వదలరు. అప్పుడు మా అమ్మ ఫోన్ చేస్తే వస్తారా?”

ఆ దారంతా నేను ఎవరి వెనక కూర్చుని వణికానో, అతను నాకంటే ఎక్కువ భయపడుతున్నాడు. ఐదేళ్ళ నుంచి భయపడుతున్నాడు. ఆ భయంతోనే కండువా వేసుకున్నాడు, ఆ భయంతోనే ఎదురింటిని చూపించాడు.

“వస్తాను,” అన్నాను.

బండి స్టార్ట్ చేసి, కాలు సర్దుకుని, అప్పుడు నా వైపు చూశాడు.

“సీసా తెచ్చుకోకండి మేడం.”